మూడో జాడీ గంజి

పడుగులపాలెంలో కోటిలింగం కుంచె చప్పుడు తెలియని వాళ్లు లేరు. గొంతు తెలిసిన వాళ్లు మాత్రం తక్కువ. అవునంటే "ఊ", కాదంటే "ఊహూ". ఆ రెంటికీ మధ్యరకం జవాబు కావాలంటే తల గోక్కునేవాడు, అడిగినవాళ్లే అర్థం చేసుకుని పోయేవారు.

నలభై ఏళ్లు వీధిలో పడుగులు చాపి గంజి పెట్టాడు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నిలువు పోగులు కట్టి, తడి కుంచెతో దువ్వుకుంటూ పోతే, వెయ్యి పోగులూ తలంటుకున్న జుట్టులా వరసన పడుకునేవి. ఒకే వైపు దువ్వాలి. ఒక్కసారి వెనక్కి దువ్వామా, పోగు రేగి కూచుంటుంది.

ఆ కుంచె కోసమే ఆయన్ని ల్యాబు వాళ్లు పిలిచారు. ఊరి చివర మూతపడ్డ నూలుమిల్లు షెడ్డులో అద్దాల గదులు కట్టి ఓ కొత్త గంజి తయారుచేస్తున్నారు. అక్కడ పెద్ద డాక్టరు వకుళ. ముప్పై దాటిన పిల్ల. సూదిమందు వేసే డాక్టరు కాదని ఊరికి తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పటిదాకా జ్వరాలతో, తేలుకాట్లతో వచ్చేవారు. ఆ పిల్ల అందరినీ కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, ఆటో ఎక్కించి చీరాల ఆసుపత్రికి పంపేది.

మొదటిరోజు వకుళ బల్ల మీద పళ్లెం పెట్టి, కాసిని చీపురు పుల్లలు చల్లింది.

"బాబాయ్, వీటి మధ్య నుంచి చెయ్యి పోనివ్వండి."

పోనిచ్చాడు. పుల్లలు అడ్డం తిరిగి గుచ్చుకున్నాయి.

"ఇప్పుడు ఇంకా పోస్తాను. చెయ్యి పోవడం కష్టమవుతుందా, తేలికవుతుందా?"

"కష్టం."

ఆమె ఇంకో మూడు గుప్పిళ్లు పోసి పళ్లేన్ని కుదిపింది. చోటు చాలక పుల్లలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని, సర్దుకుని, అన్నీ ఒకే వైపు పడుకున్నాయి. ఈసారి కోటిలింగం చెయ్యి నూనె మీద జారినట్టు జారిపోయింది.

"మా గంజిలో అణువుల గొలుసులు ఇలాంటి బిరుసు పుల్లలే, బాబాయ్. పలచగా ఉంటే అడ్డదిడ్డంగా తిరిగి గంజి కదలనివ్వవు. చిక్కన చేస్తే వాటంతటవే వరసపడతాయి. అప్పుడు జారుతుంది. మామూలు గంజికి తలకిందులు."

కోటిలింగం పుల్లల వంక చాలాసేపు చూశాడు.

"పడుగు," అన్నాడు.

వకుళ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ ఒక్క మాట చెప్పడానికి నేను అరవై పేజీలు రాశాను బాబాయ్!"

ఆ రోజు నుంచి ఆయన పని ఒకటే. జానెడు పడుగు మీద జానెడు కుంచెతో ఆ గంజి పెట్టడం. యంత్రం రోలరుతో పెడితే కుదరలేదు. మెల్లగా తిప్పితే గొలుసులు వరసలో నిలవకుండా గిరికీలు కొట్టేవి, జోరుగా తిప్పితే పోగు తెగేది. కోటిలింగం చెయ్యి ఏ వేగాన పోతుందో ఆ వేగానికే అవి తల ఒగ్గేవి. వకుళ ఆయన మోచేతికి వైర్లు కట్టి ఆ వేగం కొలిచేది. వైర్లు కట్టినంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టేవాడు, అది కూడా లెక్కలోకి వస్తుందేమోనని.

అక్కడ మూడు జాడీలుండేవి. ఒకటో జాడీలో గొలుసులు పొట్టివి. ఆ గంజి నీళ్లలా పారేది. దువ్విన వరసని కుంచె తీసేలోపు మరచిపోయేది. రెండోదానిలో మధ్యరకం. పోగు ఆరేదాకా వరస పట్టుకుని, ఆరాక ఊరుకునేది. మూడో జాడీలోవి బాగా పొడుగు గొలుసులు. దాని మెడకి వకుళ ఎర్ర రిబ్బను కట్టింది.

"దీని సంగతి నాకే ఇంకా పూర్తిగా తెలీదు. ముట్టుకోవద్దు," అని చెప్పింది.

"ఊ," అన్నాడు.

* * *

ఇంట్లో మగ్గం మీద దుప్పటి కప్పి రెండేళ్లయింది. కుడి భుజం పట్టేసింది. చొక్కా రెండో గుండీ దాకా లేస్తుంది, ఆ పైకి లేవదు. జానెడు కుంచె లాగగలడు. వీధి పడుగు మీద బారెడు కుంచె లాగలేడు.

కోటిలింగం భార్య మంగతాయారు. ఆయన మాట్లాడని మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. నేసేవాడి పెళ్లాం కాబట్టి నలభై ఏళ్లుగా తప్పు చీరలే కట్టింది. అంచు వంకరైందనో, రంగు దిగిందనో, నాలుగు పోగులు తెగాయనో కొట్టువాళ్లు వెనక్కి పంపిన చీర ఏదుంటే అది ఆవిడ ఒంటి మీదికొచ్చేది. మంచివన్నీ ఊళ్లకి పోయేవి. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. తప్పు ఉన్న వైపు కుచ్చిళ్లలోకి మడిచి కట్టుకోవడంలో ఆరితేరింది, అంతే.

ఓ రోజు కోటిలింగం అక్క సుందరమ్మ చీరాల నుంచి దిగింది. దిగుతూనే మొదలెట్టింది.

"ఒరే లింగం, వచ్చే నెల నీకు అరవై నిండతన్నయ్యి. షష్టిపూర్తి చెయ్యాల. హాలు మాట్టాడొచ్చినా. మూడొందల మంది. ఏరా, ఇంటన్నావా?"

"ఊ."

"ఇంటన్నాడంట. మంగా, ఈసారన్నా తప్పు లేని చీర కట్టుకోవే. మీ పెళ్లి పటంలో చూడు, ఆ అంచు కుంటికాలు మాదిరిగా ఎట్టా ఉందో!"

"కొట్లో చీర నేను కట్టను వదినా," అంది మంగతాయారు. "నేతగాడి పెళ్లాం కొట్టు మెట్లెక్కితే జనం నవ్విపోరా? నేసే చెయ్యి ఇంట్లోనే ఉందిగా."

అనేసి ఆయన భుజం వంక చూసింది. గొంతు తగ్గించింది. "ఉండేదిలే," అంది.

ఆ ముక్క కోటిలింగానికి భుజం నొప్పిని మించి నొప్పెట్టింది. ఆ పూట అన్నం సగంలో లేచి మగ్గం మీది దుప్పటి తీశాడు.

* * *

మర్నాడు ల్యాబులో వకుళ ఫోన్లో ఉండగా కోటిలింగం జాడీల ముందు నిలబడ్డాడు. ఆ గంజి పెడితే భుజంతో పని లేదు, రెండు వేళ్లతో కుంచె లాగినా చాలు. అది రోజూ చూస్తున్నదే. అడిగి తీసుకోవచ్చు. కాకపోతే అడగాలంటే కనీసం నాలుగు మాటలు మాట్లాడాలి.

రెండో జాడీ మూత తీశాడు. ఆగాడు.

ఆయన నూలు కొన్నన్నాళ్లూ ఒకటే పరీక్ష. దూది వేళ్ల మధ్య పట్టి లాగి, పింజ పొడుగు చూసేవాడు. పొట్టి పింజ నూలు పుటుక్కుమంటుంది. పొడుగు పింజ నూలు పదేళ్లు ఉతికినా నిలబడుతుంది. ఈ సంగతి పడుగులపాలెంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మరి పెళ్లానికి నలభై ఏళ్లకి ఒక్క చీర నేస్తూ మధ్యరకమా?

రెండో జాడీ మూసేశాడు. రిబ్బను విప్పి, మూడో జాడీలోంచి చెంబెడు వంపుకుని, రిబ్బను మళ్లీ ముడేశాడు. వకుళ వేసిన ముడి కన్నా ఆయన వేసిన ముడే బాగుంది.

ఇంటి వెనక పడుగు చాపాడు. అంత సుఖంగా గంజి పెట్టడం ఆయన జన్మలో ఎరగడు. కుంచె ఆనిస్తే చాలు, పోగులు ఇటు జరిగి, అటు జరిగి, చెప్పిన మాట వినే పిల్లల్లా వరసలో నిలబడ్డాయి. ఎండకి గంజి రాయిలా ఆరిపోయింది. మగ్గం మీద అడ్డపోగు మోసే నాడె తోస్తే పోగుల మధ్య నుంచి తనంతట తానే పోయినట్టు పోయింది. పదిహేడు రోజుల్లో చీర దిగింది. వంకాయ రంగు ఒళ్లు, ఆవపువ్వు రంగు అంచు.

మంగతాయారు దాన్ని గుమ్మంలో వెలుగుకి పట్టి, ఈ వైపు చూసి, తిప్పి ఆ వైపు చూసింది. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూసింది.

"తప్పేదయ్యా?"

"లేదు."

"లేకపోవడమేంది? ఎవురిదో చీర తెచ్చి నా మొకాన కొడతన్నావా?"

"ఊహూ."

చీర మడిచి బీరువాలో పెట్టి, తాళం వేసి, ఆ తాళం చెవి రోజుకి పదిసార్లు తడిమి చూసుకుంది.

* * *

షష్టిపూర్తి నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ హాలుకి పోయారు. కోటిలింగం మాత్రం పట్టుపంచె కట్టుకుని ల్యాబుకి నడిచాడు. చెంబు అడుగున నాలుగు వేళ్ల గంజి మిగిలింది. కొత్తగా తాళి కట్టేముందు దొంగసొత్తు ఇంట్లో ఉండకూడదనిపించింది.

వకుళ తలుపు దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "బాబాయ్, ఈ వింత చూడండి!"

గాజు పెట్టెలో ఓ ఇనుప వేలు ముందుకీ వెనక్కీ కదులుతోంది. ముందుకి పోయేటప్పుడే ఆనుతుంది. దాని కింద నిన్న సాయంత్రం వకుళ ఓ జేబురుమాలు పెట్టింది. ఇప్పుడు అక్కడ జేబురుమాలు లేదు. విడి పోగుల కట్టలాంటి నూలు చిలప ఉంది. చక్కగా దువ్వి జడ వేయడానికి సిద్ధంగా ఉన్న చిలప.

"మూడో జాడీ గంజి పెట్టి నేయించిన గుడ్డ ఇది! పొడుగు గొలుసులు ఆరినా వరస మరచిపోవు. కాస్త చెమ్మ తగిలి, ఎవరైనా ఒకే వైపు నిమిరారంటే, అందరూ ఇటే నడవండని పట్టు పడతాయి. అడ్డం పోగుల్ని కూడా మెడ పట్టుకుని నిలువుకి తిప్పేస్తాయి. నేత మొత్తం విడిపోయింది! అసలు ఇది ఎంత గొప్ప..."

కోటిలింగం బల్ల మీద చెంబు పెట్టాడు.

వకుళ చెంబులోకి చూసింది. రిబ్బను ముడి వంక చూసింది.

"దేనికి వాడారు?"

"చీర."

"ఎవరి చీర?"

"మంగది."

"ఎక్కడుందా చీర?"

"కట్టుకుంది."

వకుళ కుర్చీలో కూలబడింది. "వైశాఖమాసం. మూడొందల మంది. చెమట. కొత్త చీర అంటే ప్రతి ఆడమనిషీ వచ్చి..." అని, గాలిలో చేత్తో ఒకే వైపు నిమిరి చూపించింది.

"ఆపాలి," అన్నాడు కోటిలింగం.

"చీర విప్పిస్తే?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కుచ్చిళ్లు లాగాలి, మడత పెట్టాలి, మడత మీద చెయ్యి రాయాలి. అక్కడికి అయిపోతుంది.

వకుళ పెన్ను తీసి అరచేతి మీద గబగబా లెక్క వేసింది. "నీళ్లు ఒక్కటే దారి. పుల్లలు గుర్తున్నాయా? పలచబడితే అడ్డదిడ్డమై ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అప్పుడిక ఎటూ కదలవు. చెమ్మ మాత్రమే తగిలితే జారుడు. సరిగ్గా తడిస్తే బిగుతు. మరీ తడిస్తే గంజి కారిపోయి, అప్పటికి తిరిగిన పోగులు ఎటుపడితే అటు పోతాయి. చీర బరువెంత?"

"అరకిలో."

"గంజి?"

"ముప్పాతిక చెంబు."

అరచెయ్యి చాలక మణికట్టు దాకా రాసింది. "ఈ చెంబుతో ఆరు చెంబుల నీళ్లు. ఆరే. ఏడోది పడకూడదు."

స్కూటరు మీద బయల్దేరారు. పట్టుపంచె గాలికి జెండాలా ఎగురుతుంటే, ఖాళీ చేసిన చెంబు కడుపుకి హత్తుకుని కోటిలింగం వెనక కూర్చున్నాడు.

* * *

హాల్లో కరెంటు పోయింది. మంగతాయారు కొత్త చీరలో వేదిక పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, నలభై ఏళ్లలో మొదటిసారి తప్పు దాచుకోనక్కర్లేకుండా, పైట కొంగు పూర్తిగా పరిచి. పక్కన సుందరమ్మ నిలబడి వచ్చినవాళ్లనందరినీ పిలుస్తోంది.

"రాండే, చెయ్యి పెట్టి చూడండి. వెన్నపూసే! మా లింగం నేసినాడు. నిమిరి చూడండి, మొహమాటమెందుకు!"

వాళ్లు మొహమాటపడలేదు. అత్తలు, పిన్నులు, వియ్యపురాళ్లు వరసగా వచ్చి, చెమట చేతులతో కొంగుని భుజం నుంచి కిందికి నిమిరి, "ఎంత మెత్తగా ఉందో!" అని పోతున్నారు. నిమిరిన కొద్దీ ఇంకా మెత్తబడుతోంది. దాంతో పోయినవాళ్లు మళ్లీ వస్తున్నారు.

కోటిలింగం లోపలికొచ్చేసరికి కొంగు చివర ఆవపువ్వు పోగులు అప్పటికే ఏటవాలుకి తిరిగాయి. మధ్యలో జల్లెడలా కంతలు పడ్డాయి. ఒక కంతలోంచి అవతల సుందరమ్మ ముక్కుపుడక కనిపిస్తోంది. ఆ కంతలు మెల్లగా పైకి పాకుతున్నాయి.

ఆయన వెళ్లి భార్యకీ జనానికీ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి బారుగా చాపాడు. కుడి చెయ్యి రెండో గుండీ దగ్గరే ఆగిపోయింది. ఓ పిన్ని ఆ సందులోంచి చెయ్యి పెట్టి నిమిరింది.

"ఏంది లింగం, మీ ఆవిడ్ని ఎవురన్నా ఎత్తుకపోతారా?" అని హాలంతా నవ్వు.

"ఏవయ్యా, ఏందిది?" అంది మంగతాయారు చిన్నగా. అప్పుడే కొంగు వంక చూసుకుంది. మొహంలో రంగు పోయింది.

"స్నానం పోయండి," అన్నాడు కోటిలింగం. "ఈ చీర మీదే."

వేదిక మీద అరవై కలశాలు పెట్టుకుని కూర్చున్న పంతులుగారు నవ్వారు. "కలశస్నానం పాత బట్టల మీద నాయనా. కొత్త చీర ఆ తర్వాత."

కోటిలింగం ఈసారి తల గోక్కోలేదు. నోరు తెరిచాడు.

"మంగా, ల్యాబులో గంజి అడక్కుండా తెచ్చినా. భుజం లేవక తెచ్చినా. డాక్టరమ్మ వద్దన్న జాడీలోదే తెచ్చినా, పొడుగు గొలుసు మంచిదనుకున్నా. దానికి చెమట తగిలితే చీర చీరగా ఉండదంట, పోగులైపోద్దంట. ఆరు చెంబులు పోస్తే నిలబడుద్దంట. నలభై ఏళ్లు నా చేతి తప్పులే నీకు కట్టబెట్టినా. ఈ ఒక్కటన్నా తప్పు లేకుండా నేద్దామనుకున్నా. దీంట్లోనే అన్నిటికన్నా పెద్ద తప్పు చేసినా."

హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి.

"ఓలమ్మో, వీడికి గొంతుందే!" అంది సుందరమ్మ.

మంగతాయారు లేచి, ఎవరి చెయ్యీ తగలకుండా నడిచివెళ్లి వేదిక మీద పీట మీద కూర్చుంది. "పొయ్యండి," అంది.

పంతులుగారికి ఒకటే బాధ. "అరవై ఏళ్లకి అరవై కలశాలు. మంత్రించినవి. ఆరుతో ఆపితే ఎలా కుదురుతుంది?"

"ఆరు ఆవిడకి," అన్నాడు కోటిలింగం. "మిగతాయి నాకు."

పంతులుగారు వేళ్ల మీద లెక్క వేసుకుని సరేనన్నారు.

కలశాల నీళ్లు ల్యాబు నుంచి తెచ్చిన చెంబుతో కొలిచి పోశారు. వకుళ వేదిక అంచున నిలబడి బిగ్గరగా లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడో చెంబుకి కూడా కంతలు పాకడం ఆగలేదు. నాలుగో చెంబుకి ఇంకో రెండు వేళ్ల మేర పైకొచ్చాయి. మంగతాయారు కళ్లు మూసుకుంది. ఐదు. ఆరు పడగానే చీర మొత్తం పచ్చితోలు ఎండకి బిగిసినట్టు కిర్రుమంది. పాకుతున్న కంత ఎక్కడిదక్కడ ఆగింది.

"ఆగింది!" అని వకుళ ఎగిరి గంతేసింది.

"ఆరేంది, శుభమా అని!" అంటూ సుందరమ్మ ఏడో చెంబు ఎత్తింది. "ఇంకొకటి పడితే బేసవుద్ది..."

కోటిలింగం అక్క చేతిలో చెంబు లాక్కుని తన నెత్తిన గుమ్మరించుకున్నాడు. అది మొదటిది. ఆ తర్వాత చుట్టాలంతా వంతులవారీగా యాభై మూడు పోశారు. ఎవరికీ ఏ తొందరా లేదు. ముప్పై దాటాక తుమ్ములు మొదలయ్యాయి.

ఇక తాళి దగ్గర చిక్కు వచ్చింది. చీర కూర్చున్న ఆకారంలోనే రేకులా బిగిసిపోయింది. మంగతాయారు లేవలేకపోయింది, వంగలేకపోయింది. నిలబడి కట్టాలంటే కోటిలింగం భుజం లేవదు.

"కూర్చునే ఉంటాలే," అంది ఆవిడ. "నువ్వే రా."

ఆయన ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తుమ్మి, చేతులు ఎత్తాడు. కుడి చెయ్యి రెండో గుండీ దాకా లేచింది. కూర్చున్న ఆవిడ మెడ సరిగ్గా అక్కడే ఉంది.

* * *

సాయంత్రానికి చీర ఆరి, ఒంటి నుంచి వదిలి, గోడకి ఆనిస్తే దానంతటదే నిలబడింది. వకుళ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి కొలతలు తీసుకుంది. కొంగు మీద పోగులు గాలికి వాలిన వరిచేనులా ఏటవాలుగా, ఎవరి చెయ్యి ఎంతమేర పోయిందో అంతమేర ఆగిపోయి ఉన్నాయి.

"ఇది వదిన చెయ్యి," అంది మంగతాయారు వేలు ఆనించకుండా చూపిస్తూ. "ఈ సన్నది మా పిన్నిది. ఇంత లోతుగా నిమిరింది ఎవురో, కడుపుమంట ఉన్న మనిషే."

"పిన్నీ, ఒక్క జానెడు కత్తిరించుకోనా? పరీక్ష కోసం," అంది వకుళ. "ఇలా ఆగిపోయిన ముక్క ప్రపంచంలో ఇదొక్కటే."

"కత్తెర పైకెత్తావంటే వేళ్లు ఇరగ్గొడతా."

వకుళ కత్తెర సంచిలో పెట్టేసుకుంది. "పోనీ, ఉతక్కండి అంతే. ఎప్పటికీ."

ఆ పిల్ల స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగాక మంగతాయారు నడుం మీద చేతులు పెట్టుకుని చీర ముందు నిలబడింది.

"ఇదీ తప్పు చీరేగా అయ్యా."

కోటిలింగం తల దించుకున్నాడు. ముక్కు చీదుకున్నాడు.

"ఇన్నాళ్లూ కొట్టోడి కోసం నేసి తప్పిపోయినయ్యి కట్టినా," అంది ఆవిడ. "ఇది నాకోసం నేసి తప్పింది. ఇంకెవురికీ లేదు." గొంతు మార్చింది. "కట్టుకునేదానికి మాత్రం ఇంకోటి నెయ్యాల. నేస్తావా?"

"ఊ."

"ఏ జాడీ?"

కోటిలింగం రెండు వేళ్లు చూపించాడు.